కేసెట్ రెండో వైపు

పోయిన సంచికలో ప్రశ్న మా వైపు నుంచే వెళ్లింది. "మీరు కుర్రతనంలో విన్నవాటిలో ఇప్పటికీ మిమ్మల్ని వదలని ఆల్బమ్ ఏది? దాని గురించి అడగాల్సింది ఏమైనా ఉందా?" అని. ఉత్తరాలు బాగానే వచ్చాయి. జవాబులు నన్ను రాయమన్నారు. 1980ల నుంచీ గుంటూరు అరండల్‌పేటలో మా అన్నయ్య కేసెట్ రికార్డింగ్ కొట్టు (జనం చీటీ మీద రాసిచ్చిన పాటలు ఖాళీ కేసెట్‌లోకి ఎక్కించి ఇచ్చే కొట్టు) నడిపేవాడు, అందులో లేబుళ్లు రాసే పని నాది. అంతకుమించి నాకు అర్హతలేమీ లేవు. సంగీతం జంట స్వరాల దగ్గరే ఆపేశాను. కానీ జనం పాటలు ఎలా అడుగుతారో, ఏ పాట పక్కన ఏ పాట పెట్టించుకుంటారో బల్ల ఇవతల కూర్చుని చూశాను. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా నాన్నకి ‘గీతాంజలి’ కేసెట్ అంటే ప్రాణం. అది పాడైపోయిందని బాధపడుతుంటే పాటలన్నీ ఫోన్‌లో పెట్టి ఇచ్చాను. రెండు రోజులు విని "బాగానే ఉందమ్మా, కానీ ఇది అది కాదు" అంటున్నారు. పాటలు అవే కదా, తేడా ఏముంది? (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: పాటలు అవే తల్లీ, వరస వేరు. నువ్వు పెట్టిన ఫోన్‌లో పాటలు దాని ఇష్టం వచ్చినట్టు కలిసిపోయి వస్తుంటాయి. మీ నాన్నగారి కేసెట్‌లో ఒకే వరస ఉండేది. నచ్చని పాట దాటాలంటే ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కాలి, ఎక్కడ ఆపాలో ఊహించాలి, దాటిపోతే మళ్లీ వెనక్కి తిప్పాలి. ఆ గొడవ పడలేక అందరూ వరసగానే వినేవాళ్లు. అలా కొన్ని నెలలు వింటే ఏమవుతుందంటే, ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే ఆ కొంచెం ఖాళీలోనే తర్వాతి పాట ఎత్తుగడ నోటికి వచ్చేస్తుంది, శ్రుతితో సహా. నన్నడిగితే ఒక ఆల్బమ్ మనదైందా లేదా అన్నదానికి పరీక్ష ఇదే. పాటలు నచ్చడం వేరే సంగతి, అవి విడివిడిగా ఎన్నయినా నచ్చుతాయి.

‘గీతాంజలి’ 1989 వేసవిలో వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా. సంగీతం ఇళయరాజా, పాటలన్నీ వేటూరి. మొత్తం ఒకే కవి రాయడంతో ఏడు పాటలకీ ఒకే ఇంటి వాసన ఉంటుంది. ‘ఓం నమః’ అనే పాట గుండె చప్పుడుతో మొదలవుతుంది, పాడింది బాలు, జానకి. ఆ పాట రికార్డు చేయించుకెళ్లిన కుర్రాడొకడు మర్నాడు పొద్దున్నే కొట్టుకొచ్చి "మీ డెక్‌లో ఏదో కొట్టుకుంటోందండీ, మొదట్లో టక్ టక్‌మని చప్పుడు వస్తోంది, మళ్లీ చేసివ్వండి" అన్నాడు. అన్నయ్య నవ్వు ఆపుకుని, సినిమా చూసి రమ్మని పంపించాడు. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం కేసెట్ తేలేదు, ఇంకో ఖాళీ కేసెట్ తెచ్చాడు. స్నేహితుడికట.

ఆ ఏడాది చివర్లోనే ‘శివ’ వచ్చింది. అదే నాగార్జున, అదే ఇళయరాజా. ఆ తర్వాత కొట్టుకొచ్చిన చీటీల్లో చాలావాటి మీద ఒకటే కోరిక: ఒక వైపు ‘గీతాంజలి’, రెండో వైపు ‘శివ’. ఒక వైపు చావు కోసం ఎదురుచూసే ప్రేమ, తిప్పితే సైకిల్ చైన్లు. ఆ కాలపు కాలేజీ కుర్రాళ్ల బుర్రలో ఏముందో చెప్పడానికి ఆ ఒక్క కేసెట్ చాలు. మీ నాన్నగారిని అడిగి చూడు, ఆయన దానికి రెండో వైపు ఏముండేదో. అదీ తెలుసుకుని, రెండు వైపులూ ఆయన చెప్పిన వరసలో పెట్టి, ఫోన్‌లో ఆ కలిపేసే మీట ఆపేసి ఇవ్వు. అప్పుడు కూడా "ఇది అది కాదు" అంటే ఆయనకి కావలసింది ఆల్బమ్ కాదు, 1989. దానికి నువ్వూ నేనూ ఏం చేయలేం.

ప్రశ్న: నమస్కారం. నేను రికార్డు చేయించుకున్న ‘సాగర సంగమం’ కేసెట్‌లో చివరి పాట రెండో చరణం మధ్యలో తెగిపోయేది. ఏళ్ల తరబడి అలాగే విన్నాను. ఇప్పుడు పూర్తి పాట దొరికింది కానీ, ఆ చోటు దాటగానే ఎవరిదో పరాయి పాట వింటున్నట్టు ఉంటుంది. ఇది నా ఒక్కడికేనా? (సత్తెనపల్లి)

జవాబు: మీ ఒక్కరికే కాదండీ. ఈసారి వచ్చిన ఉత్తరాల్లోనే ఇంకో ఇద్దరు ఇదే రాశారు. ఇందులో తప్పంతా లెక్కది. సి-60 కేసెట్ అంటే వైపుకి అరగంట. మేం పాటలు ఎక్కించేది ఎల్పీ రికార్డు (పెద్ద గ్రామఫోన్ పళ్లెం) నుంచి, దానికి ఒక్కో వైపు ఇరవై నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఎల్పీ రెండు వైపులూ తెచ్చి కేసెట్ ఒక్క వైపు సర్దమంటే ఎక్కడో ఒకచోట కోత పడాల్సిందే. సి-90 కొనుక్కుంటే వైపుకి నలభై అయిదు నిమిషాలు, ఎల్పీ మొత్తం పట్టేస్తుంది. కానీ అందులో రీలు పలచన. చవక టేప్‌రికార్డర్లలో సాగిపోవడం, చుట్టుకుపోవడం ఎక్కువ. అందుకని అన్నయ్య సి-60 తీసుకోమనే చెప్పేవాడు. కోత ఏ పాట మీద పడాలో నిర్ణయించడం నా పని. చీటీలో చివర రాసిన పాట మీదే వేసేదాన్ని. తమకి ఇష్టమైనది జనం చివర రాయరులే అన్న నమ్మకంతో. అందరి విషయంలో అది నిజం కాదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

జాగ్రత్త ఉన్న కొట్టువాళ్లయితే రీలు అయిపోయేలోపు శబ్దం మెల్లగా తగ్గించి ఆపేవాళ్లు. లేనివాళ్లు అలాగే వదిలేసేవాళ్లు, ఠక్కుమని ఆగేది. ఇంకో రకం వాళ్లుండేవాళ్లు. వైపు చివర రెండు నిమిషాలు మిగిలితే డబ్బులిచ్చినవాడికి అన్యాయం జరగకూడదని ఇంకేదో సినిమా పాట సగం ముక్క అతికించేవాళ్లు. ‘సాగర సంగమం’ అయ్యాక ఐటెం పాట పల్లవి ఒకటి వచ్చి ఆగిపోయే కేసెట్ మా చుట్టాలింట్లో ఉండేది. ఆ ఇంట్లో పిల్లలు ఆ రెండూ ఒకే సినిమాలోవి అనుకునేవాళ్లు.

మీరు అడగలేదు కానీ, 1983 నాటి ఆ సినిమాకి ఇళయరాజాకి జాతీయ అవార్డు వచ్చింది. ‘వేదం అణువణువున’ పాడినందుకు బాలుగారికీ వచ్చింది. పక్కన పాడింది ఆయన చెల్లెలు శైలజ. మీ కేసెట్‌లో తెగింది ఆ పాట కాదనే ఆశిస్తున్నాను.

ప్రశ్న: అక్కా, ‘శంకరాభరణం’ వచ్చిన ఏడాది మా అమ్మ నన్ను సంగీతంలో చేర్పించింది. గీతాల దాకా వచ్చి మానేశాను. ఇప్పుడు మా మనవరాలు నేర్చుకుంటోంది. ‘దొరకునా ఇటువంటి సేవ’ త్యాగరాజ కీర్తనని నేనంటే, వాళ్ల టీచర్ కాదు, వేటూరి పాట అన్నారట. ఎవరిది నిజం? (రేపల్లె)

జవాబు: ఇద్దరిదీ నిజమే. త్యాగయ్యగారికి ‘దొరకునా ఇటువంటి సేవ’ అని బిలహరి రాగంలో కీర్తన ఉంది. సినిమాలోది ఆ ఎత్తుగడ తీసుకుని వేటూరి అల్లుకుంటూ పోయిన పాట. రాగం కూడా బిలహరే. ‘సామజవరగమనా’ సంగతీ అంతే. అది త్యాగయ్యగారి హిందోళ కీర్తన మొదటి మాట, ఆ తర్వాతదంతా వేటూరి సొంతం. ఆ కేసెట్‌లో నిజంగా పాత వాగ్గేయకారులవి కూడా ఉన్నాయి. ‘ఏ తీరుగ నను’, ‘పలుకే బంగారమాయెనా’ రామదాసువి. ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులది. ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులది. వాటి మధ్యలో వేటూరి తన పాటలు తెచ్చి పెడితే అతుకు కనపడలేదు. లేబుల్ మీద రచన ఎవరిదో రాయమని పట్టుబట్టే పెద్దాయన ఒకరు కొట్టుకొచ్చేవారు. ఆయన పుణ్యాన ఇదంతా నాకు తెలిసింది.

ఆ సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. సంగీతం చేసిన మహదేవన్‌కీ, పాడిన బాలుకీ, వాణీ జయరాంకీ జాతీయ అవార్డులొచ్చాయి. బాలు శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారు కాదు. మహదేవన్‌కి సహాయకుడిగా ఉన్న పుహళేంది దగ్గర కూర్చుని ఈ పాటలు సాధన చేశారు. గురువు దగ్గర ఏళ్లకేళ్లు నేర్చుకోకపోయినా గొంతు కుదిరితే పాడెయ్యొచ్చు అన్న ధీమా మా వీధి ఆడపిల్లలకి అక్కడి నుంచే వచ్చింది, నాకూ వచ్చింది. మాస్టారు ఒక్క నెలలోనే దించేశారు. ఆ ఏడాది సంగీతం మాస్టార్ల ఇళ్ల ముందు చెప్పులు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. మర్నాటి ఏడాదికి సగం మంది తగ్గిపోయారు. అయితేనేం, పాడటం రాకపోయినా వినడం వచ్చింది. అంతకుముందు కచేరీ అంటే లేచి వెళ్లిపోయే మా నాన్న, ఆ తర్వాత రేడియోలో కచేరీ వస్తుంటే కుర్చీ దగ్గరికి జరుపుకునేవాడు.

మీ రేపల్లెవాళ్లకి ఆ సినిమా మీద ఇంకో హక్కు ఉంది. అది తీసిన విశ్వనాథ్‌గారిది మీ వైపే. గాయని జానకిగారు పుట్టిన పల్లపట్ల కూడా మీ దగ్గరే. విశ్వనాథ్‌గారు 2023లో సరిగ్గా ఫిబ్రవరి 2నే పోయారు, రెండు రోజులకి వాణీ జయరాం. ఆ వారం మా ఇంట్లో ఆ పాటలు తప్ప ఇంకేవీ మోగలేదు.

ప్రశ్న: అమ్మా, నాకు అరవై దాటాయి. మీరు ఆల్బమ్ అన్నారు గనుక అడుగుతున్నా. మా చిన్నప్పుడు మా ఊరి పెళ్లిళ్లలో మైక్ సెట్ మీద ‘దానవీరశూరకర్ణ’ మాటలు వేసేవాళ్లు. అది మొదటి నుంచీ చివరి దాకా నాకు నోటికొచ్చు. పాటల కంటే నా మీద దాని ముద్రే ఎక్కువ. అది మ్యూజిక్ కాదు, ఆల్బమ్ కాదు అని మా అబ్బాయి నవ్వుతున్నాడు. మీరేమంటారు? (తెనాలి)

జవాబు: మీ అబ్బాయిని ఒక పేజీ తప్పు లేకుండా చెప్పమనండి, అప్పుడు నవ్వమనండి.

మన తెలుగువాళ్ల ఆల్బమ్‌ల జాబితాలో మాటల రికార్డులు లేకపోతే ఆ జాబితా అబద్ధం. ఇంకో భాషలో ఇంతగా ఉందో లేదో నాకు తెలియదు కానీ, మా కొట్లో పాటల పెట్టె పక్కన మాటల పెట్టె ఒకటి విడిగా ఉండేది. ‘దానవీరశూరకర్ణ’ 1977 సంక్రాంతికి వచ్చింది. రామారావుగారే దర్శకుడు, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ ఆయనే. అదే రోజున కృష్ణ, శోభన్‌బాబుల ‘కురుక్షేత్రం’ కూడా విడుదలైంది. ఇంట్లో అన్నదమ్ములు చెరో జట్టు కట్టిన రోజులవి. ‘దానవీరశూరకర్ణ’ మాటలు రాసిన కొండవీటి వెంకటకవి గుంటూరు జిల్లావాడే. సంస్కృత సమాసాలు అంత పొడుగ్గా వస్తుంటే, బడి మొహం చూడని మనిషి కూడా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసి అప్పజెప్పేవాడంటే, అది లయ కాక ఏమిటి? తాళం లేకపోయినా అది సంగీతమే. తెనాలి మనిషికి నేను చెప్పాలా? పద్యనాటకం ఆడితే హార్మోనియం మీద రాగం లాగుతూ ఒక్క పద్యం పావుగంట పాడించుకుని, వన్స్ మోర్ కొట్టిన ఊరు మీది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ పద్యాలు విన్న చెవులకి దుర్యోధనుడి మాటలు పరాయివి ఎలా అవుతాయి?

మిరపకాయల కమీషన్ వ్యాపారి ఒకాయన మా కొట్టుకొచ్చేవాడు. యార్డు సీజన్ అయ్యాక, చేతిలో డబ్బాడే రోజుల్లో. పాటలు అక్కర్లేదు, మాటలూ పద్యాలే కావాలి. రికార్డు అవుతున్నంతసేపూ బల్ల పక్కన నిలబడి తనూ పైకి చెప్పేవాడు. ఆయన గొంతు ఎక్కడ రికార్డులో పడుతుందోనని కొత్తలో నాకు టెన్షన్‌గా ఉండేది. తీగ ద్వారా నేరుగా వెళ్తుంది, బయటి చప్పుడు పడదని అన్నయ్య చెప్పాక హాయిగా వినేదాన్ని.

మైక్ సెట్ గురించి ఇంకో మాట. కేసెట్ మనం ఎంచుకుని విన్నది. మైక్ సెట్ మాత్రం ఊరంతటికీ ఒకటే. వద్దన్నా వినాల్సిందే, పొలంలో ఉన్నా వినాల్సిందే. వరస కూడా మైక్ సెట్ అబ్బాయి ఇష్టం. మీ తరం వాళ్ల జ్ఞాపకంలో సగం ఆల్బమ్‌లు అతని చేతి మీదుగా వచ్చినవే. బుర్రకథలూ అంతే. 1986లో పద్మశ్రీ అందుకున్న నాజర్‌గారిది తాడికొండ దగ్గర పొన్నెకల్లు. సినిమా సంగీతంలో ఒక ఊపు ఊపిన చక్రవర్తిగారిదీ అదే ఊరు. ఒక్క పల్లెటూరు నుంచి అంత సందడి!

ప్రశ్న: మా నాన్నగారు రోజూ పొద్దున్నే ఘంటసాల భగవద్గీత పెడతారు. అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్‌వాళ్లు వచ్చి "అది పెట్టకండి, అపశకునంగా ఉంది" అంటున్నారు. నాన్నగారికి కోపం వస్తోంది. ఏం చెయ్యాలి? (భవానీపురం, విజయవాడ)

జవాబు: మీ కింది ఫ్లాట్‌వాళ్లని నేను తప్పుపట్టను. మీ విజయవాడలోనూ మా గుంటూరులోనూ ఎవరైనా పోతే మొదట వినపడేది అదే. వీధి మొదట్లో ఆ గొంతు వినిపిస్తే "ఎవరు పోయారు?" అని గుమ్మంలోకి వచ్చి అడిగే అలవాటు పడిపోయాం. శవయాత్ర బండి మీద కూడా అదే. పాపం అది ఘంటసాలగారి తప్పు కాదు, గీత తప్పు అంతకన్నా కాదు. ఆయన ఆ రికార్డింగ్ చేసిన కొద్దికాలానికే, 1974 ఫిబ్రవరి 11న పోయారు. రికార్డు జనం చేతికి వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి మొదటిసారి విన్నవాళ్లు కూడా పోయిన మనిషి గొంతుగానే విన్నారు. అది కొంత కారణం కావచ్చునని నా అనుమానం.

శ్లోకం పాడి, వెంటనే తాత్పర్యం చెప్పే చోట ఆయన గొంతు చూడండి. పాటగాడిగా కాదు, ఇంట్లో పెద్దవాడు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పినట్టు ఉంటుంది. మీ నాన్నగారికి అందుకే వదలబుద్ధి కావడం లేదు. శబ్దం తగ్గించుకుని వినమనండి. రెండు రోజులకొకసారి దాని బదులు ‘పుష్పవిలాపం’ పెట్టమనండి. అదీ ఘంటసాలే. రాసిన కరుణశ్రీ, అంటే జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు, గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు చెప్పినవారు. అది విన్న మర్నాడు పూజకి పూలు కోయడానికి చెయ్యి రాక నిలబడిపోయినవాళ్లు మా వీధిలో ఉన్నారు. మా అమ్మయితే "పద్యం పద్యమే, పూజ పూజే" అని కోసేది.

ప్రశ్న: మా అమ్మ పోయాక ఆమె బీరువాలో కేసెట్లు దొరికాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం, బాలాజీ పంచరత్నమాల ఉన్నాయి. రీలు మీద తెల్లగా బూజు పట్టింది. వేసి చూడొచ్చా? (మంగళగిరి)

జవాబు: వెయ్యకండి. ముందు అది చెప్పి తర్వాత మిగతాది చెప్తాను. బూజు పట్టిన రీలు డెక్‌లో తిరిగితే ఆ పొడి హెడ్‌కి (రీలు మీది శబ్దాన్ని చదివే ముక్కకి) అంటుకుంటుంది, తర్వాత మీరు వేసే ప్రతి కేసెట్‌కీ అంటుతుంది. మనది కృష్ణ పక్కన ఉన్న చెమ్మ నేల, బీరువా గోడకి ఆనించి ఉంటే ఇంకా ఎక్కువ. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, మూత గట్టి డబ్బాలో కేసెట్లు కొన్నాళ్లు ఉంచండి. తడి ఆరాక, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట పెన్సిల్ పెట్టి మెల్లగా తిప్పుతూ, మెత్తని పొడి గుడ్డ ఆనించి తుడవండి. రీలు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు, సి-60లో దాని పొడవు దాదాపు 90 మీటర్లు. ఓపిక ఉన్న మనిషే చెయ్యాలి. నీళ్లు తగలనివ్వకండి.

కేసెట్ డొల్లకి మరలు ఉంటే అదృష్టం, మూలల్లో నాలుగూ మధ్యలో ఒకటీ ఉంటాయి. విప్పి, రీలు చుట్టలు రెండూ ఎత్తి ఇంకో మంచి డొల్లలో పెట్టేయొచ్చు. హెడ్‌కి ఎదురుగా ఉండే చిన్న దూది మెత్త ఊడిపోయి ఉంటే శబ్దం నీరసంగా వస్తుంది, రీలు పాడైందని కంగారు పడకండి. పాత టేప్‌రికార్డర్ ఒకటి ఈ పనికే కేటాయించండి. ప్రతి కేసెట్‌కీ ముందూ వెనకా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో హెడ్ తుడవండి. ఒకసారి చివరి దాకా, మళ్లీ వెనక్కి తిప్పాకే ప్లే నొక్కండి. బాగా పలికిన మొదటిసారే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. మైకు దగ్గర పెట్టి కాదు, తీగతో. ఆడాసిటీ అని ఉచితంగా దొరుకుతుంది. వేవ్ ఫైలుగా దాచుకుని, ఫోన్‌కి కావలిస్తే ఎంపీ3 విడిగా చేసుకోండి. పైన ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచి ఉందో లేదో కూడా చూసుకోండి. విరిచి ఉంటే పొరపాటున రికార్డ్ మీట నొక్కినా చెరగదు.

ఇంత కష్టం దేనికి, ఇవన్నీ ఫోన్‌లో దొరుకుతాయిగా అనొచ్చు ఎవరైనా. నిజమే. ఎం.ఎస్. సుప్రభాతం 1963 నుంచీ దొరుకుతూనే ఉంది. పంచరత్నమాల తిరుమల దేవస్థానం ఆమె చేత పాడించిన ఐదు ఎల్పీల వరస, అదీ ఎక్కడికీ పోలేదు. అందుకే నా సలహా ఏమిటంటే, కంపెనీ కేసెట్ల మీద మీ శ్రమ పెట్టకండి. మీ అమ్మగారి చేతిరాతతో లేబుల్ ఉన్నవి ఏమైనా ఉన్నాయా చూడండి, ముందు వాటి మీద పెట్టండి.

ప్రశ్న: ‘రోజా’ విన్న రోజు నుంచి నాకు ఇంకే పాటా ఆనలేదు. కానీ డబ్బింగ్ పాటలని మా స్నేహితులు తీసిపారేసేవాళ్లు. మీ అభిప్రాయం? (పటమట, విజయవాడ)

జవాబు: రాజశ్రీగారికి మనం చాలా బాకీ ఉన్నాం. 1992 నాటి ‘రోజా’ పాటలకి తెలుగు మాటలు ఆయనవి. అరవం పెదవుల కదలికకి తగ్గట్టు, రెహమాన్ బాణీకి తగ్గట్టు, తెలుగు వినేవాడికి ఎబ్బెట్టు లేకుండా మూడూ కుదర్చాలి. 1994లో ఆయన పోయారు. ఆ తర్వాత డబ్బింగ్ పాటల్లో మాటలు ఎలా ఉన్నాయో మీకు తెలుసు.

రెహమాన్ మద్రాసులో ఇంటి దగ్గర కట్టుకున్న స్టూడియోలో ఒక్కో వాద్యం విడివిడిగా పేర్చుకుంటూ చేసిన పని అది. మా కొట్లో స్పీకర్లు దాన్ని మొయ్యలేకపోయాయి. ఆ కేసెట్ కోసమే అన్నయ్య స్పీకర్లు మార్చాడు, వదిన మూడు రోజులు మాట్లాడలేదు.

ప్రశ్న: అందరివీ చెప్తారు, మీ సంగతేమిటి? మీకు ముద్ర వేసిన ఆల్బమ్ ఏది? (లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’. 1986లో వచ్చింది. పాటల్లేవు, మాటల్లేవు, వయొలిన్లే. త్యాగయ్యకీ, జర్మనీ సంగీతకారుడు బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చాడు. ముఖ్యమైన వయొలిన్ వి.ఎస్. నరసింహన్‌ది.

మా కొట్లో అది అమ్ముడుపోలేదు. తీసి చూసినవాళ్లు "పాడినవాళ్లెవరూ లేరా?" అని పెట్టేసేవాళ్లు. పోని అని రికార్డు చేయించుకెళ్లిన ఒకాయన తిరిగొచ్చి, అంతా బ్యాక్‌గ్రౌండే వచ్చింది, పాట రాలేదని పోట్లాడాడు. అమ్ముడుపోదు గనుక అది కొట్టులోనే ఉండిపోయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు అరండల్‌పేటలో కాకి కూడా తిరగదు. అన్నయ్య భోజనానికి వెళ్లినప్పుడు అది పెట్టుకుని లేబుళ్లు రాసుకునేదాన్ని. పొద్దుటి నుంచీ రాత్రి దాకా పాటల పేర్లే రాసే దానికి, ఎక్కడ చూసినా ప్రేమా విరహం చెలీ ప్రియా అని రాసే దానికి, ఏ మాటా లేని కేసెట్ ఎంత హాయిగా ఉంటుందో ఊహించుకోండి. నచ్చడానికి మొదటి కారణం అదే. సంగీత జ్ఞానం తర్వాత వచ్చింది, వచ్చినంత.

అందులో బాఖ్‌ని మా ఇంట్లో కలిశానని అర్థం వచ్చే పేరుతో ఒక ముక్క ఉంది. బాఖ్ ఒంటరి వయొలిన్‌కి రాసినదాన్ని తీసుకుని దాని చుట్టూ ఇళయరాజా తన వయొలిన్లు నడిపించాడు. చాలా ఏళ్ల తర్వాత బాఖ్‌ది అచ్చంగా విన్నాను. గొప్పగా ఉంది. కానీ ప్రతి మలుపు దగ్గరా "మిగతావాళ్లేరి?" అనిపించింది. పైన సత్తెనపల్లి ఆయన చెప్పిన జబ్బే ఇదీ. రెండేళ్లకి హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో ‘నథింగ్ బట్ విండ్’ వచ్చింది. అది కాస్త అమ్ముడుపోయింది. నాకు మొదటిదే ఇష్టం.

ప్రశ్న: ఇంట్లో రెండు అట్టపెట్టెల నిండా పాత సినిమా కేసెట్లున్నాయి. ఎవరైనా కొంటారా? (నరసరావుపేట)

జవాబు: సినిమా కంపెనీ కేసెట్లకి పెద్దగా ఏమీ రాదండీ. ఎల్పీలైతే అడిగేవాళ్లున్నారు, అట్ట బాగుండి గీతలు పడకుండా ఉంటే. కేసెట్లు కావలసినవాళ్లకి ఊరికే ఇచ్చేయండి. ఇచ్చేముందు ఒక్కోటీ వేసి చూడండి. కంపెనీ కేసెట్ పైన, పలక విరిచిన చోట సెల్లోటేపు అతికించి ఉంటే, ఎవరో దాని మీద ఇంకేదో రికార్డు చేశారన్నమాట. పెళ్లి పాటలో, పేరంటంలో మంగళహారతులో, ఊళ్లో హరికథో, పిల్లల అల్లరో. అవి మాత్రం ఇవ్వకండి.